మా అత్త చుట్టాలకి నేర్పిన మాట

కోటబొమ్మాళి స్టేషన్లో దిగి ఆటో ఎక్కితే, ఒంట్లో ఎముకలన్నీ ఒకదాని చోటికి ఒకటి మారేలోగా మా మేనత్త ఊరు వస్తుంది. ఆవిడ కొడుకు, మా బావ, తన పెంకుటింటి పక్కగదికి సున్నం కొట్టించి ‘పల్లెటూరి బస’ అని బోర్డు పెట్టిన రోజున బాలి, థాయ్‌లాండ్ గడగడ వణికాయని నేను బంధువులందరికీ ఫోన్లు చేసి చెప్పాను. బావ నవ్వలేదు. బీచిలూ కొండలూ ప్రతి దేశానికీ ఉన్నాయి, మనకంటూ ఉన్నది ఇంటికొచ్చినవాళ్ళని చూసుకునే తీరేనని అతని వాదన. ఆ తీరంటే మా అత్తే.

డబ్బిచ్చి దిగినవాళ్ళని కూడా ఆవిడ చుట్టాలనే అనేది. రాగులతో కాచిన చోడి అంబలి చెంబుతో ఇచ్చి, తాగేదాకా ఎదురుగా నిలబడేది. ఆ చూపు ముందు ఎంతటి అగ్రరాజ్యమైనా చెంబు ఖాళీ చేయవలసిందే. బయలుదేరేటప్పుడు మరో పరీక్ష. ‘వెళ్ళొస్తాను’ అని సరిగ్గా పలికేదాకా వాళ్ళ సంచి ఆవిడ చేతిలోనే ఉండేది. ఆ ఒత్తు దగ్గర ఒక జంటకి రైలే తప్పిపోయింది.

పోయినేడు నాట్ల కాలంలో ఒక విదేశీ ఆవిడ వచ్చి దిగింది. ఆవిడ ఉండగానే ఒక ఉదయం మా అత్త నిద్ర లేవలేదు.

నేను చేరేసరికి పొయ్యి చల్లగా ఉంది. చావింట్లో వండరు కనుక ఎదురింటివాళ్ళు అన్నం, పప్పు తెచ్చారు. ఆ అతిథి మా ఆడవాళ్ళ మధ్య గోడకి ఆనుకుని కూర్చుని, వాళ్ళు తిన్నదే తింది. కెమెరా బయటికి తీయలేదు.

దహనం అయ్యాక బావ అరుగు మీద నా పక్కన కూలబడ్డాడు.

“మాయమ్మ లేకపోతే ఇక్కడేటున్నాది బావా, సూడ్డానికి? బోర్డు పీకీసి, ఆ గదిలో ధాన్యం బస్తాలేసుకుంటాను.”

నేను చెంబుతో నీళ్ళు తెచ్చి, తాగేదాకా అతని ఎదురుగా నిలబడ్డాను.

మర్నాడు అతిథి ప్రయాణమైంది. చావింటి నుంచి వెళ్ళేవాళ్ళు మాలో చెప్పి వెళ్ళరు. లేచి, తల వంచుకుని నడిచిపోతారు. మళ్ళీ వస్తానంటే మరో చావుని పిలిచినట్టని భయం. ఆ సంగతి ఆవిడకి చెప్పాలని మాలో ఎవరికీ తోచలేదు. ఆవిడ గడప దగ్గర ఆగింది. సంచి ఎవరో అందుకుంటారన్నట్టు రెండు చేతులతో ముందుకి పట్టుకుని, “వెళ్ళొస్తాను” అంది. ఒత్తు పోలేదు. దీర్ఘం తగ్గలేదు.

లోపల ఏడుపు ఆగిపోయింది. ఒక ముసలావిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఇంకొకామె ఏదో అనబోతే బావ చెయ్యెత్తి ఆపాడు. వెళ్ళి ఆ సంచి అందుకున్నాడు.

“రా అమ్మా,” అన్నాడు. “మాయమ్మ నేర్పిన మాటే కదేటి. మళ్ళీ రా.”

సంచి ఆటో దాకా మోసి, తిరిగి వస్తూ బోర్డు దగ్గర ఆగాడు. వానలకి ఒక మేకు ఊడి, అది ఓ పక్కకి వేలాడుతోంది. మైలలో ఇవేం పనులని లోపల్నుంచి ఎవరో గొణిగారు. బావ రాయి తీసుకుని ఆ మేకుని మళ్ళీ దిగ్గొట్టాడు. ఆ దెబ్బలు బాలి దాకా వినపడే ఉంటాయి.