తలుపు పక్కన అరిగిన రంగు

మామ పోయాడని అత్త ఫోన్ చేసినప్పుడు నేను కదిరి బస్టాండులో ఉన్నాను. "మీ మామ పొద్దున లేయలేదప్పా, రా" అంది, అంతే. మామ అంటే మా అమ్మకు తమ్ముడు. ధర్మవరంలో పట్టునూలుకు రంగులద్దే పని చేసి, ఆ రంగునీళ్ళు చేతులకు పడక మానేశాడు. తర్వాత ఆయన పట్టుకున్న పని వింటే మీరు నవ్వుతారు. మేమూ నవ్వాం. ప్లాస్టిక్ ముక్కలు అతికించి అంతరిక్ష నౌకలు చేసేవాడు, కథల్లో తప్ప ఎక్కడా ఎగరనివి.

కొరియర్లో ఆ ముక్కల పెట్టె వచ్చిన రోజు అన్నం చల్లారిపోవాల్సిందే. ముక్కలు కత్తిరించి, అంచులు గరుకు కాగితంతో రుద్ది, అతికించి, బూడిదరంగు వేసేవాడు. అక్కడికి సగం పనే. మిగతా సగం దాన్ని పాతది చేయడం. పెట్టె మీది బొమ్మలో నౌక ఒంటినిండా నీళ్ళు కారిన చారలుండేవి. మామ ఒప్పుకునేవాడు కాదు. "వాన లేని తావున తిరిగేదానికి చారలు యాడనుంచి వస్తాయప్పా? దుమ్ము పడతాది, అంతే" అనేవాడు. చేనిగట్టున ఎర్రమట్టి తెచ్చి, మగ్గం దగ్గర మిగిలిన పట్టు పేలికలో జల్లించి, మెత్తటి కుంచెతో అద్దేవాడు. ముదిగుబ్బ మట్టిదారిలో తిరిగొచ్చిన బండిలా తయారయ్యేది.

"కొత్తగా ఉంటే అది యాడికీ పోలేదని లెక్క" అనేవాడు. ఆయన మాటల్లో నాకు బాగా గుర్తున్నది ఇదే.

ఇంకొకటి కూడా చేసేవాడు. ప్రతి నౌకకూ తలుపు పక్కన, బాగా కింద, గోరంత మేర రంగు అరగదీసేవాడు. ఎందుకని అడిగితే "పిల్లోళ్ళు తిరిగితే కిందనే అరుగుతాది" అన్నాడు. మామకూ అత్తకూ ఒక కూతురుండేది. బడికి పోయే వయసు రాకముందే జ్వరంతో పోయింది. వంటింటి గడప పక్కన గోడ మీద ఆ పిల్ల చెయ్యి రాసి రాసి నునుపెక్కిన చోటు ఇప్పటికీ ఉంది. పండక్కి ఇల్లంతా సున్నం వేసినా అక్కడ వేయరు. ఎవరూ ఎవరికీ చెప్పరు, కుంచె అక్కడిదాకా వచ్చి తప్పుకుంటుంది. అందుకే ఆ నౌకలున్న గదిలో ఒంటరిగా కూర్చోవాలంటే భయమేసేది. బొమ్మలే కదా అనుకుంటాను గానీ, అన్నింట్లోనూ ఒకే పిల్ల తిరుగుతున్నట్టుండేది.

దినాలు అయ్యాక అత్త నన్ను ఆ గదిలోకి పిలిచింది. బల్ల మీద చివరి నౌక ఉంది. రంగు వేశాడు, దుమ్ము అద్దలేదు. "ఆయప్ప చేసేది నువ్వు సూసినావు గదా, పూర్తి చెయ్యి. పాప గుర్తు పెట్టినాడో లేదో ముందు సూడు. పెట్టకుంటే నువ్వు పెట్టు" అంది.

ఆ పిల్ల ఎత్తు మామకు తెలుసు, నాకేం తెలుసు? నేను తప్పు చోట అరగదీస్తే అది ఇంకెవరి పిల్లో అవుతుంది.

కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి తిప్పి చూశాను. "ఉండాది అత్తా" అన్నాను. అత్తకు చూపు సరిగా ఆనదు, వేలితో తడిమింది. కింద దొరికింది. ముఖం తేటపడింది. వేలు అక్కడ ఆగక పైకి పోయి నిలిచిపోయింది. తలుపు పక్కనే, పెద్దవాళ్ళ చెయ్యి ఆనే ఎత్తులో, రంగు ఇంకోచోట అరిగి ఉంది. అంతకుముందు ఏ నౌకకూ మామ అలా చేయలేదు.

నేను మట్టి డబ్బా మూత తీయబోయాను.

"దుమ్ము అద్దొద్దులేప్పా" అంది. "ఇప్పుడే గదా ఇద్దరూ పోయినారు."

ఆమె వేలు ఆ పై గుర్తు మీదే ఉంది.