పేల్చి చూడని గొట్టం

ఇలా దగ్గరికి జరిగి కూర్చోండి, కాళ్లు చాపుకోండి. గొంతెత్తి చెప్పుకునే ముచ్చట కాదిది. మొన్న సిరిసిల్ల బస్టాండు ముందు నుంచి నడిచి వస్తుంటే, బండి మీద మక్కకంకులు కాలుస్తున్న వాసన ముక్కుకు తగిలింది. బొగ్గు మంట, ఇనుప జల్లెడ, చిటపటమంటూ మాడే పాలగింజలు, అన్నీ కలిసిన ఆ వాసనకు అందరికీ నోరూరుతుంది. నేను మాత్రం అక్కడ నిలబడలేకపోయాను. బండిని దాటి నాలుగడుగులు వేసి, ఒక దుకాణం అరుగు మీద కూర్చుండిపోయాను.

మాది కోరుట్ల దగ్గరి పల్లె. మా బాపు కమ్మరి. తొలకరికి ముందు మా వాకిలి నిండా నాగలి కర్రులు, గొర్రు పళ్లు, కొడవళ్లు కుప్పలుగా పడి ఉండేవి. రైతులు వేపచెట్టు నీడన బీడీలు కాల్చుకుంటూ తమ వంతు కోసం కూర్చునేవారు, కొలిమి తిత్తి పెద్ద ఎద్దు రొప్పినట్టు రొప్పేది, తిత్తి తాడు లాగే వంతు కోసం నేనూ నా తమ్ముడూ జుట్లు పట్టుకునేవాళ్లం. ఎర్రగా కాలిన ఇనుమును నీళ్ల తొట్టిలో ముంచినప్పుడు లేచే ఆవిరి మొహానికి కొడితే జ్వరం రాదని మా నమ్మకం. అవ్వ, అంటే మా అమ్మ, అలసంద గుడాలు ఉడకబెట్టి మోదుగాకులో పోసిచ్చేది. బతుకమ్మ పండుగకు మలీద ముద్దలు చేస్తే, మొదటి ముద్ద మాకు కాదు, బాపు ఇనుము కొట్టే దాగలి మీద పెట్టిన తర్వాతే మాకు.

కర్రులతో పాటు అప్పుడప్పుడు తుపాకులు కూడా వచ్చేవి. భయపడకండి, అవి చేల మీద పడే అడవిపందులను తరిమే తుపాకులు. భర్మారు అనేవారు. మూతిలో నుంచి మందు, రవ్వలు పోసి, కడ్డీతో దట్టించి పేల్చే పాతకాలపు తుపాకి. మా పల్లెలో ముగ్గురు నలుగురు రైతులకు లైసెన్సుతో ఉండేవి. ఏళ్ల తరబడి కాల్చగా కాల్చగా గొట్టం లోపల అరిగి పలచబడేది. కొందరికి సన్నగొట్టం పందికి చాలేది కాదు, కొంచెం వెడల్పుది కావాలనేవారు. చెక్క తాతల నాటిదే ఉంచి, గొట్టం మాత్రం బాపు మార్చేవాడు.

ఆ పనికి మా ఇంట్లో ఒక కట్టుబాటు ఉండేది. గొట్టం మార్చిన తుపాకిని బాపు ముందుగా తానే పేల్చి చూడాలి. ఆ తర్వాతే రైతు చేతికి. పట్టపగలు, వాగు గట్టుకు గురిపెట్టి. అవ్వ గొట్టానికి పసుపు కుంకుమ పెట్టి, మమ్మల్ని లోపలికి తోసి తలుపు వేసి, దీపం ముందు కళ్లు మూసుకుని నిలబడేది. చప్పుడు వినపడి, ఆ వెనుకే బాపు దగ్గు వినపడే దాకా కళ్లు తెరిచేది కాదు. దగ్గు వినపడగానే మాకు బెల్లం ముక్కలు. ఇదేం పద్ధతని ఒకసారి అడిగితే బాపు, "పలిగితె నా చేతుల్నే పలగాలె బిడ్డా. తీస్కపోయినోని చేతుల్ల పలుగొద్దు" అన్నాడు.

తర్వాత ఆ ఏళ్లు వచ్చాయి. పగలు జీపుల్లో పోలీసులు వచ్చి బాపును, "ఎవలెవలికి తుపాకులు బాగుచేస్తున్నవ్?" అని అడిగేవారు. చీకటిపడ్డాక అన్నలు, అదే నక్సలైట్లు, వచ్చి అదే మాట నెమ్మదిగా అడిగేవారు. ఎక్కడ ఏ చప్పుడైనా ఊళ్లో తలుపులన్నీ ఒక్కసారే మూసుకునేవి. చిర్రగోనె, అదే గూటీబిళ్ల, ఆడుకునే పిల్లలం కూడా కట్టె టక్కుమంటే ఉలిక్కిపడేవాళ్లం.

అట్లాంటి ఒక ఏడు, మక్క పాలుపోసుకునే రోజుల్లో మల్లయ్య మామ తన తుపాకి తెచ్చాడు. మామ మాకు చుట్టం కాదు, సేద్యం చేసుకునే కాపు, బాపుకు చిన్నప్పటి జోడు. వెడల్పు గొట్టం వేయమన్నాడు. బాపు నాలుగు రోజులు ఆకురాయితో అరగదీసి అమర్చాడు గానీ, పేల్చి చూడటానికి ధైర్యం చాలలేదు. ఒక్క చప్పుడైతే జీపులు వాకిట్లో ఉంటాయి. దీపావళికి ఎట్లాగూ ఊరంతా టపాకులు కాలుస్తుంది కదా, ఆ చప్పుళ్లలో కలిపి పేలుస్తానన్నాడు.

మల్లయ్య మామ నెత్తి కొట్టుకున్నాడు. "దీపావళి దాక ఆగుమని పందులకు నువ్వే చెప్పిరా బావా! మీ చెల్లె మంచె మీద తాంబాలం కొట్టుకుంట ఒర్రుతాంది. దాని గొంతుకు ఊరంత లేస్తుంది గని పందులు లేస్తలెవ్వు." మీ చెల్లె అంటే మామ భార్య, మా అత్తమ్మ.

"పేల్చి సూడకుంట ఇయ్య మల్లయ్యా. మా అయ్య ఎన్నడు ఇయ్యలే."

"అయితే గిప్పుడే పేల్చు."

బాపు జీపులు వచ్చే బాట వైపు చూశాడు.

"పేల్చవు, ఇయ్యవు. పిల్లలకు మక్కసొప్ప తినిపియ్యాల్నా?" అన్నాడు మామ. మాటలో నవ్వు పోయింది.

అవ్వ అన్నం గిన్నె దగ్గర నుంచి, "మీ కొట్లాటల బువ్వ సల్లారుతాంది" అని కసురుకుంది. ఇద్దరూ ఒకే కంచంలో తిన్నారు. చేతులు కడుక్కున్నాక బాపు తుపాకి తెచ్చి మామ ఒడిలో పెట్టాడు. "మందు సగమే పొయ్యి" అన్నాడు.

రెండు రోజుల తర్వాత, ఇంకా మసక వదలని తెల్లవారుజామున, మక్క చెలకల వైపు నుంచి చప్పుడు వచ్చింది. బాపు లేచి కూర్చున్నాడు. మంచి గొట్టం చప్పుడు సాగుతుందట. ఇది కుండ పగిలినట్టు పొట్టిగా వచ్చింది. బాపు తలుపు దగ్గరికి పోయేసరికి, అవ్వ తమ్ముణ్ణి పక్కకు పొదువుకుని తలుపుకు వీపు ఆనించి నిలబడింది.

"పొయ్యేదేంది? బయట ఎవలున్నరో ఏమో! నిన్ను గూడ కాల్సిండ్రంటె గీ పోరగాండ్లను ఎవలు సాదాలె?"

"గది మల్లయ్య తుపాకి."

"ఎవలదైతేంది, తెల్లారనియ్యి."

బాపు ఆమెను పక్కకు తోయలేదు. గడప దగ్గర కూలబడి, తలుపు సందులోంచి వెలుతురు వచ్చేదాకా అట్లాగే ఉన్నాడు. ఊళ్లో ఒక్క తలుపూ తెరుచుకోలేదు. మంచె మీద మల్లయ్య మామ ఒక్కడే. అత్తమ్మ ఆ రోజు ఇంటి దగ్గరే ఉంది. వెలుతురు వచ్చాక బాపు ఉరికాడు. గొట్టం పగిలి మామ ఎడమ చెయ్యి నుజ్జయి ఉంది, మంచె చుట్టూ మాడిన మక్కగింజల వాసన.

జగిత్యాల దవాఖానలో మామ ఎడమ చేతిని మణికట్టు పైదాకా తీసేశారు. ఆ కాలంలో పేలుడుకు చెయ్యి పోయినవాణ్ణి అందరూ ఒకే అనుమానంతో చూసేవారు. పోలీసులు మంచం పక్కన కుర్చీ వేసుకుని, ఏం తయారు చేస్తున్నావని, గొట్టం ఎవరు మార్చారని మార్చి మార్చి అడిగారట. నేనే మార్చుకున్నానని, మందు ఎక్కువ పోశానని మామ ఒకే మాట మీద ఉన్నాడు. దవాఖాన నుంచి నేరుగా జైలుకు పోయాడు, కొన్ని నెలలున్నాడు. ఆ నెలలన్నీ బాపు ఠాణాకు పోయి చెబుతానని బయలుదేరడం, అవ్వ ఆయన కాళ్ల మీద పడి ఆపడం.

మామ తిరిగొచ్చిన రోజు మా ఇంటికే ముందు వచ్చాడు. బాపు మొహం ఎత్తలేదు. మామ కుడిచేత్తో బాపు గడ్డం పట్టి ఎత్తాడు.

"నువ్వే పేల్చి సూస్తె నీ చెయ్యి పోతుండె బావా. నీ చెయ్యి ఊరందరి నాగండ్లకు దిక్కు. నాదేముంది, నా ఒక్కనిదేనాయె."

తిట్టి ఉంటే బాపు బతికిపోయేవాడు. ఆ మాటతో లోపల ఏదో విరిగిపోయింది. మళ్లీ తుపాకి ముట్టలేదు. కొడవలి చేసినా ముందు తన గోటి మీద, తన అరచేతి మీద గీసి చూసి గానీ ఎవరికీ ఇచ్చేవాడు కాదు. పోయేనాటికి ఆయన ఎడమ అరచేతిలో గీతలేవో, గాట్లేవో తెలిసేది కాదు.

ఇప్పుడు ఆ కొలిమి లేదు. ట్రాక్టర్లు వచ్చాక కర్రులు తెచ్చేవాళ్లు తగ్గారు, తిత్తి తోలును ఎలుకలు కొరికాయి, కొలిమి ఉన్న చోట మా తమ్ముడు బండ్లు నిలిపే రేకుల షెడ్డు వేశాడు. ఊరి తుపాకులన్నీ ఆ ఏళ్లలోనే పోలీసులు ఠాణాలో పెట్టించారు, తిరిగి రాలేదు. మల్లయ్య మామా లేడు. పందులు మాత్రం ఉన్నాయి. రైతులు చేను చుట్టూ పాత చీరలు కట్టి, రాత్రంతా టేపులో కుక్కల అరుపులు పెడుతున్నారు.

ఓపికగా విన్నారు, చల్లగా ఉండండి. మీ ఇంట్లో పని చేసే చేతులన్నీ పది వేళ్లతో పచ్చగా ఉండాలి. మీ వాడలో ఏ వేళ చప్పుడైనా, ముందుగా మీ తలుపే తెరుచుకునే మంచి రోజులు మీకు ఉండాలి.