గుడాఖు తోమిన చిగుళ్ళు

మా అత్తగారు గుడాఖు తోముతుంటే నాకు కాఫీ గొంతు దిగేది కాదు. పొగాకు, బెల్లపు మడ్డి కలిపిన ఆ నల్లటి ముద్దను రాయ్‌పూర్ రైల్వే క్వార్టరు పెరట్లో, కుళాయి దగ్గర కూర్చుని, వేలితో చిగుళ్ళకు పట్టించేది. ముందు నల్లగా ఉమ్మేది, తర్వాత ఎర్రగా. శ్రీకాకుళం నుంచి వచ్చిన కొత్తలో చుట్ట కాల్చేదట. ఇక్కడి ఆడవాళ్ళను చూసి దీనికి మరిగింది. నోరు తెరిస్తే కుళ్ళు కంపు. మా చంటిపిల్లను ముద్దాడబోతే ఏదో వంకన లాక్కునేదాన్ని.

"సెడ్డ రగతం పోతే మంచిదేనమ్మా," అనేది. చిగురు సలిపితే ఇంకాస్త రుద్దేది. తిమ్మిరెక్కి నొప్పి తెలియదు మరి.

ఒక వానాకాలం ఆవిడకు జ్వరం పట్టుకుంది. మలేరియా మాత్రలకు లొంగలేదు, నాలుగడుగులేస్తే ఆయాసం. చిన్నప్పటి కీళ్ళజ్వరంతో ఆవిడ గుండె కవాటం ఒకటి ముందే పాడైందని పెద్దాసుపత్రిలో తెలిసింది. అక్కడి డాక్టరు రక్తపరీక్షలు చూసి, "మాయీ, ముహ్ ఖోలో," అన్నాడు. గుండెకని తీసుకొస్తే నోరు చూస్తాడేమిటని మామగారు గొణిగారు. చిగురు నొక్కగానే చీము ఉబికింది. ఛీ, మొహం తిప్పుకున్నాను. అక్కడి క్రిములే రక్తంలో కలిసి కవాటానికి పట్టాయని, మళ్ళీ పడితే బతకడం కష్టమని, గుడాఖు ముట్టనివ్వొద్దని డాక్టరు మామగారికి విడమరిచి చెప్పాడు.

వారాల తరబడి సూదులు పొడిచారు. కదిలే పళ్ళు పీకేశారు. ఇంటికొచ్చేసరికి చిగుళ్ళు మానాయి, కంపు పోయింది. నాకు ప్రాణం లేచొచ్చింది.

నెల తిరక్కుండానే కుళాయి దగ్గర మళ్ళీ అదే వాసన. మానిన చిగుళ్ళ మీద అదే నల్లటి వేలు.

"ఎవరు తెచ్చారు?" అని అరిచాను.

"నానే తెచ్చినానమ్మా," అన్నారు మామగారు. "దానికోసం ఏడుత్తంటే సూడనేకపోయినాను."

డాక్టరు మాటలు దగ్గరుండి విన్న మనిషి! డబ్బీ లాక్కుని మోరీలో పారేశాను. మర్నాటికి ఇంకోటి వచ్చింది.

జ్వరం తిరగబెట్టి ఆవిడను రిక్షా ఎక్కిస్తున్నప్పుడు కూడా ఆయన చొక్కా జేబులో డబ్బీ ఉంది. ఈసారి ఆవిడ తిరిగి రాలేదు. ఆవిడ కోసం ఏడ్చాను. ఆయన్ను ఓదార్చడానికి మాత్రం ఇప్పటికీ నాకు మనసు రాలేదు.