నలభై గడుల చీపురు

ఓద్నీకి కేకు చేయడం రాదు. ఈ సంగతి మా ల్యాబులో అందరికీ తెలుసు. ఇరవై రెండేళ్ళలో ఆమె తెచ్చినవి రెండే కేకులు. మొదటిది కొట్లో కొన్నది. రెండోదాని గురించే ఈ గొడవంతా.

మా దగ్గర ఒకరి తప్పువల్ల ఇంకొకరి పని పాడైతే, తప్పు చేసినవాళ్ళు శుక్రవారం మధ్యాహ్నం కేకు తేవాలి. అందరి ముందూ తప్పేమిటో చెప్పి, చాకు ఎవరి పని పాడైందో వాళ్ళ చేతికివ్వాలి. వాళ్ళు మొదటి ముక్క కోస్తే అంతటితో సరి, మళ్ళీ ఆ మాట ఎవరూ ఎత్తకూడదు. ఈ ఆచారం ఎవరు పెట్టారో నాకు తెలియదు. నేను నార్వేలో ఈ బెర్గెన్ ఊరు వచ్చి ఈ పనిలో చేరేనాటికే ఉంది.

నా పేరు గున్‌వోర్. స్కానర్ నడిపేదాన్ని. మనుషుల్ని ఆ గొట్టంలోకి పంపి, కదలొద్దని చెప్పి, అద్దానికి ఇవతల కూర్చుని వాళ్ళ తలల బొమ్మలు తీస్తాను. అవి పై అంతస్తులో ఓద్నీ దగ్గరికి వెళతాయి. ఆమె ప్రోగ్రాములు రాసే మనిషి. నేను పంపే వందల పలచటి పొరల్ని ఒకదానిమీద ఒకటి పేర్చి, తెరమీద ఎటు కావాలంటే అటు తిప్పి చూసుకునే తలగా మారుస్తుంది. పరిశోధన చేసే డాక్టర్లు అది చూసి "అబ్బ, ఎంత శుభ్రంగా ఉందో!" అని మురిసిపోతారు. ఆ శుభ్రం ఓద్నీది. నేను పంపేవి అంత శుభ్రంగా ఏమీ ఉండవు.

ఆమె మాట పొదుపు. ఇరవై రెండేళ్ళుగా అదే మధ్యాహ్న భోజనం: రెండు రొట్టె ముక్కలు, మీద గోధుమరంగు మేక జున్ను, మధ్యలో నూనె కాగితం. తిన్నాక ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో దాచుకుంటుంది. ఈ ఊళ్ళో వాన ఆగదు కదా, గొడుగు కొనుక్కోవచ్చు కదే అంటే, "ఎలాగూ విరుగుతుందిగా" అని తడుచుకుంటూ పోతుంది. ఒళ్ళు మండేది నాకు. ఇంకెవరైనా అయితే కనీసం పోట్లాడతారు.

ఆమెను నవ్వించగలిగినవాడు యోస్టైన్ ఒక్కడే. స్కానర్లో తలకు తొడిగే పంజరాల్లాంటి పరికరాలు తయారుచేసే ఇంజినీరు. నెలకొక తప్పు చేసేవాడు. అతని భార్య మారిత్ చేసే కేకు, బాదం పొడి అడుగు, పైన పచ్చసొన క్రీము, అంటే మా అందరికీ ప్రాణం. "ఒరేయ్, ఈ నెల ఇంకా ఏం పగలగొట్టలేదేంట్రా?" అని మేమే అడిగేవాళ్ళం.

యోస్టైన్‌లో ఇంకో గుణం ఉంది. స్కానర్లో పడుకోబెడితే కదలడు. హాయిగా నిద్రపోతాడు. అందుకని యంత్రాన్ని సరిచూడ్డానికి ఏటా నవంబరులో అతని తలే తీసేవాళ్ళం. ఫైలు పేరు ఏడో తల. కొత్తగా ఏ ప్రోగ్రాం రాసినా ముందు ఏడో తలమీదే ప్రయోగం. ఆ తల లోపలి మడతలు మాలో కొందరికి సొంత ఇంటి మెట్లకన్నా బాగా తెలుసు.

రెండువేల తొమ్మిదిలో ఓద్నీ మెట్లు దిగి నా గదికి వచ్చింది. చేతిలో ఒక బొమ్మ.

"గున్‌వోర్, యోస్టైన్ తలలో ఈ చుక్కేంటి?"

"ఏ చుక్క? ఇదా? మెషీన్ దుమ్ము. ఆ కొత్త పంజరం వాడు చేసిందేగా, దాని పిచ్చి దానిది. ఊడ్చెయ్."

"రెండుసార్లు తీశావు. రెండుసార్లూ అక్కడే ఉంది."

"పంజరం కూడా రెండుసార్లూ అక్కడే ఉందిగా! పోవే తల్లీ, బయట ముగ్గురు కూర్చునున్నారు నాకోసం."

ఆ మాట అన్నది నేను. ఇంకెవరూ కాదు.

ఆమె అప్పుడే ఒక ప్రోగ్రాం రాస్తోంది. దానికి చీపురు అని పేరు పెట్టుకున్నాం. తల బొమ్మ అంటే లక్షల చిన్న చిన్న గడులు. వాటిలో ఎక్కడెక్కడో అడ్డదిడ్డంగా మెరిసే దుమ్మును చీపురు ఊడ్చేస్తుంది. ఎన్ని గడులకన్నా చిన్న చుక్క దుమ్ము అనేది మనమే చెప్పాలి. ఓద్నీ పది అని చూసింది, ఇరవై అని చూసింది. ఏడో తలలో ఆ ఒక్క చుక్క మాత్రం పోలేదు. ముప్ఫైకి పోయింది. మళ్ళీ కనబడకుండా ఇంకాస్త పెంచి, చివరికి నలభై దగ్గర ఖాయం చేసింది. తర్వాత ఏ ఏటి తల పెట్టినా బొమ్మ కడిగిన పళ్ళెంలా వచ్చింది. అప్పటినుంచి మా ల్యాబులో ప్రతి తలా నలభై గడుల చీపురు కిందనుంచే బయటికి వచ్చింది.

యోస్టైన్‌కు చెబితే పడీపడీ నవ్వాడు. "నా బుర్రలో దుమ్ముందని మారిత్ ఎప్పట్నుంచో మొత్తుకుంటోంది. మీకిప్పుడు కనబడిందా?"

రెండువేల పన్నెండులో స్కానర్ మారింది. సరిచూడ్డానికి నీళ్ళు నింపిన ప్లాస్టిక్ తల ఒకటి వచ్చింది. యోస్టైన్ మళ్ళీ గొట్టంలో పడుకోలేదు.

రెండువేల పందొమ్మిది ఆగస్టులో అతను పనిచేసే బల్లమీదే పడిపోయాడు. ఆసుపత్రిలో తలలో గడ్డ అన్నారు. ఆరు వారాల్లో పోయాడు. అంత్యక్రియలప్పుడు చర్చి మెట్లమీద మారిత్ నా రెండు చేతులూ పట్టుకుంది.

"ముందుగా తెలిసే దారే లేదంట, గున్‌వోర్. డాక్టరే చెప్పాడు. ఆ మాట లేకపోతే నేనీ మెట్లు దిగలేను."

"అవును, తెలిసే దారే లేదు" అన్నాను. అప్పటికి అది అబద్ధమని నాకు తెలియదు.

మూడేళ్ళ తర్వాత మాకు కొత్త భవనం కట్టారు. ముందు హాల్లో గోడకు నిలువెత్తు గాజుపలకమీద ఏడో తల పెట్టాలని, మారిత్ చేత తెర తీయించాలని అనుకున్నాం. బొమ్మ చేసే పని ఓద్నీది. ఆ సోమవారం పొద్దున ఆమె ఫోను చేసి ఒకే మాట అంది. "పైకి రా."

వెళ్ళాను. తెరమీద మూడు తలలు వరసగా ఉన్నాయి. మూడూ యోస్టైన్‌వే, రెండువేల తొమ్మిది, పది, పదకొండులో తీసినవి. కొత్త కంప్యూటర్లలో పాత చీపురు నడవలేదట, అందుకని ఊడ్వని ఫైళ్ళు తెరిచింది. మూడింట్లోనూ ఎడమ చెవికి పైన, లోపలగా, అదే చుక్క.

"ఇరవై రెండు గడులు" అంది ఓద్నీ మొదటిదానిమీద వేలు పెట్టి. "ఇది ఇరవై తొమ్మిది. ఇది ముప్ఫై ఏడు." వేలు తీసేసింది. "దుమ్ము పెరగదు, గున్‌వోర్."

నాకు ఏడుపు రావాలి. రాలేదు. ఆమె బల్లమీద మడతపెట్టిన నూనె కాగితం ఉంది, దానికి జున్ను అంటుకుని ఉంది, దాన్నే చూస్తూ నిలబడ్డాను. ఒళ్ళంతా మొద్దుబారిపోయింది. పన్ను పీకే ముందు సూది పొడిపించుకుంటే ఉంటుందే, అలా.

"మనం డాక్టర్లం కాదు" అన్నాను చివరికి. "గొట్టంలో పడుకునే ముందు, మనం జబ్బులు చూడబోమని రాసిన కాగితం చదువుకునే కదా వాడు సంతకం పెట్టాడు. ఊడ్చేసి గోడకి పెట్టెయ్. మారిత్‌ని దాని మానాన బతకనియ్."

ఓద్నీ మూడు ఫైళ్ళూ మూసేసింది. భోజనం వేళకు దిగివచ్చి, ఎప్పటిలాగే రెండు రొట్టె ముక్కలు తింది. మంగళవారం తింది. బుధవారం తింది. నేను కూడా తిన్నాను, ఏం తిన్నానో చెప్పలేను.

శుక్రవారం వాన జోరుగా పడుతోంది. ముప్ఫై మందిమి ముందు హాల్లో గుమిగూడాం. మారిత్ నీలం కోటు వేసుకుని వచ్చింది, తుళ్ళుతూ మాట్లాడుతోంది. అప్పుడు ఓద్నీ తడి జుట్టుతో, రేకు డబ్బా పట్టుకుని లోపలికి వచ్చింది. బల్లమీద పెట్టి మూత తీసింది. బాదం అడుగు మధ్యలో కుంగిపోయి ఉంది. పచ్చ క్రీము విరిగి అంచులకు కారింది.

"ఓహో! ఓద్నీ కూడా తప్పు చేసిందర్రోయ్!" అని ఎవరో అరిచారు. "ఏం పగలగొట్టావ్, చెప్పు చెప్పు!"

మారిత్ కూడా వంగి చూసి నవ్వింది. "ఇది నా కేకేనే! అయ్యో, క్రీము అంత మంటమీద పెడతారా ఎవరైనా? నన్నడిగితే చెప్పేదాన్నిగా."

ఓద్నీ చాకు తీసి, పిడివైపు మారిత్‌కు అందించింది. మారిత్ నవ్వుతూనే పుచ్చుకుంది.

"రెండువేల తొమ్మిదిలో యోస్టైన్ తలలో ఒక చుక్క కనబడింది" అంది ఓద్నీ. రాసిన కాగితం చదివినట్టు, ఎత్తుపల్లాలు లేని గొంతు. "దుమ్మనుకున్నాను. పోవడం లేదని చీపురు నలభైకి పెంచాను. అది దుమ్ము కాదు. మూడేళ్ళూ పెరిగింది. ఫైళ్ళలో ఉంది. చూడలేదు."

వాన చప్పుడు వినబడుతోంది. నేను గోడవారన కాఫీ మెషీను పక్కన నిలబడి ఉన్నాను.

"నువ్వొక్కదానివే చూశావా?" అంది మారిత్.

"నేనే."

ఓద్నీ కేకు వంక చూస్తోంది. నా వంక ఒక్కసారి కూడా చూడలేదు. చూసుంటే నోరు తెరిచేదాన్నని తర్వాత చాలాసార్లు అనుకున్నాను. సిగ్గులేని అనుకోవడం.

"అప్పుడే తెలిసుంటే బతికేవాడా?"

"తెలీదు. చిన్నది. తీసేసేవాళ్ళేమో. కొన్నేళ్ళు ఎక్కువ ఉండేవాడేమో. నాకు తెలీదు, మారిత్."

మారిత్ చాకు వంక చూసుకుంది. దాన్ని డబ్బా పక్కన జాగ్రత్తగా, చప్పుడు కాకుండా పెట్టింది. "ఇది నేను కొయ్యలేను" అంది. కోటు బొత్తాలు పైదాకా పెట్టుకుని వెళ్ళిపోయింది. గాజుపలకమీద తెర అలాగే ఉండిపోయింది.

కోయకపోతే ఎవరూ తినకూడదు. అలాంటిది ఎప్పుడూ జరగలేదు కాబట్టి ఏం చేయాలో కూడా ఎవరికీ తెలియలేదు. సోమవారం నేనే ఆ కేకును చెత్తబుట్టలో పారేసి డబ్బా కడిగాను.

ఓద్నీ చీపురును సున్నాకు దించేసింది. ఇప్పుడు మా బొమ్మలన్నీ మురికిగా వస్తున్నాయి, డాక్టర్లు విసుక్కుంటున్నారు. ఆమె పాత తలలన్నీ బయటికి తీసి, ఊడ్చేసిన ప్రతి చుక్కనూ కంటితో చూస్తోంది. పదకొండు వందల తలలు. అనుమానం వచ్చినవి విడిగా పెట్టి ఆసుపత్రికి పంపుతోంది. నా గది ముందునుంచి వెళుతూ "వాన" అంటుంది. "అవును, వాన" అంటాను. అంతే. ఒక్క మాట అని ఉంటే బావుండేది నాకు. తిట్టినా బావుండేది.

మూడో శుక్రవారం నేను సెలవు పెట్టాను. పొద్దున్నే బాదం పొడి చేసుకుని, క్రీము సన్నటి సెగమీద పెట్టి, విరక్కుండా తిప్పాను. ఓద్నీ డబ్బాలోనే పెట్టుకుని, ట్రామెక్కి మారిత్ ఇంటికి వెళ్ళాను.

తలుపు తీసి ముందు డబ్బా వంక చూసింది, తర్వాత నా మొహం వంక.

"ఇదెవరిది?"

"నాది" అన్నాను. "చుక్కేంటని ఓద్నీ అడిగింది. దుమ్ము, ఊడ్చెయ్ అన్నది నేను."

మారిత్ చెయ్యి తలుపు గడియమీదే ఉంది.

"ఆవేళ కాఫీ మెషీను పక్కనే ఉన్నావు కదా నువ్వు" అంది.

"ఉన్నాను."

ఆమె తలుపు వేయలేదు. లోపలికి రమ్మనీ అనలేదు. వాన మూతమీద టపటపా పడుతోంటే, రెండు చేతులతో డబ్బా పట్టుకుని మెట్టుమీద నిలబడ్డాను.