మాస్క్ వెనక తెరిచిన నోరు

జర్మనీలో ఇల్మెనౌ దగ్గరి వృద్ధాశ్రమం ముందు మా మిలిటరీ వ్యాన్ ఆగేసరికి మంచు పడుతోంది. ఫిబ్రవరి. మైనస్ ఆరు. మాకిచ్చిన సరంజామా మాస్కులు, గ్లౌజులు, ప్లాస్టిక్ గౌన్లు. తుపాకులు బ్యారక్స్‌లోనే వదిలేశాం. అక్కడి నర్సుల్లో సగం మందికి కోవిడ్. మంచాలు సర్దడం, ముసలివాళ్ళకు తినిపించడం మా డ్యూటీ. ఎర్లాంగెన్‌లోని మా ఇంటి నుంచి అమ్మ ఫోన్ చేసి ఒకటే నవ్వు.

"ఇంట్లో తిన్న కంచం తీయవు కదరా, అక్కడ తినిపిత్తన్నావా? జర్మన్ మిలిటరీలో ఇదా పని?"

పెద్ద నర్సుకూ అది వింతగానే ఉంది. "ఒకప్పుడు తుపాకీ పట్టనన్న కుర్రాళ్ళను సైన్యానికి బదులు ఇక్కడికి పంపేవారు. ఇప్పుడు తుపాకీ పట్టినవాళ్ళే వచ్చారు!" అంది.

మూలగదిలో ఒక ముసలావిడ ఉండేది. మాట లేదు. మా వ్యాన్ నడిపే సైనికుడు, మా డ్రైవర్, పెడితేనే తినేది. అతను చెంచా ఎత్తి, తన మాస్క్ వెనక నోరు పెద్దగా తెరిచేవాడు. మాస్క్ సాగడం చూసి ఆవిడా నోరు తెరిచేది.

ఇంతలో యుక్రెయిన్‌లో యుద్ధం మొదలైంది. బ్యారక్స్ నుంచి రేడియోలో ఒకటే మాట: "సిద్ధంగా ఉండండి." మర్నాడు డ్రైవర్ ట్రూప్ లీడర్ ముందు నిలబడ్డాడు.

"నేను తుపాకీ పట్టలేను సార్. సైన్యం వదిలేస్తానని అర్జీ పంపేశాను."

ట్రూప్ లీడర్ అరుస్తాడనుకున్నా. అరవలేదు. "అది నీ హక్కు. అర్జీ తేలేదాకా ఈ డ్యూటీలో ఉండకు. సామాన్లు సర్దుకో."

నేను ఉండబట్టలేక అడిగాను. "ఇక్కడ తుపాకీతో పనేముంది సార్?"

"ఏమీ లేదు. కానీ ఇది సైన్యం డ్యూటీ. అతను సైన్యమే వద్దన్నాడు."

ఆ మాట తప్పని చెప్పలేకపోయాను, ఒప్పని కూడా అనిపించలేదు. డ్రైవర్ మీదా కోపమొచ్చింది. రేపు మమ్మల్ని యుక్రెయిన్ వైపు సరిహద్దుకు పంపితే నా పక్కన ఉంటాడనుకున్న మనిషి అతనే.

వెళ్తూ వెళ్తూ అతను ఒకటే చెప్పాడు. "ఆవిడకి నువ్వు పెట్టు. నోరు బాగా తెరువు, చూసి తెరుస్తుంది."

మధ్యాహ్నం సూప్ తీసుకుని కూర్చున్నాను. దవడలు నొప్పెట్టేలా నోరు తెరిచాను. ఆవిడ నా మాస్క్ వంక చూసింది, తర్వాత తలుపు వంక. సూప్ చల్లారిపోయింది. రెండు రోజులకు సెలైన్ పెట్టారు.

డ్యూటీ ముగిసి బ్యారక్స్‌కు వచ్చేసరికి డ్రైవర్ స్టోర్‌లో ఒక్కడే దుప్పట్లు మడత పెడుతున్నాడు. పలకరింపు లేకుండానే అడిగాడు.

"తింటోందా?"

"సెలైన్ మీద ఉంది."

అతను ఇంకో దుప్పటి అందుకున్నాడు.

తర్వాత అతని అర్జీ ఒప్పుకున్నారట. సైన్యంలో నా గడువు తీరి నేనూ బయటికొచ్చాను. డ్రైవర్‌ది రైటా, ట్రూప్ లీడర్‌ది రైటా అని మనవాళ్ళు అడుగుతారు. నాకు నిజంగా తెలియదు. నాకు గుర్తున్నది ఆ మూలగది. మాస్క్ వెనక నోరు తెరుచుకుని నేను, తలుపు వంక చూస్తూ, నోరు గట్టిగా మూసుకుని ఆవిడ.