నాయుడుపేట బ్రాంచికి చేరని రిపోర్టు

రిటైరవడానికి రెండేళ్ల ముందు, ఫిబ్రవరి నెలలో, నాయుడుపేట బ్రాంచి కంప్యూటర్ల బాధ్యత కూడా నాకు అప్పగించారు. అప్పటికి నేను నెల్లూరు జోనల్ ఆఫీసులో సీనియర్ సిస్టమ్స్ ఆఫీసరును. మా కంపెనీ రొయ్యల రైతులకు మేత అమ్మేది. రొయ్య గుడ్లు పొదిగించే హేచరీల నుంచి తెచ్చే రొయ్య పిల్లలకు, అంటే సీడుకు, వైరస్ పరీక్ష కూడా చేయించి పెట్టేది. రైతు శాంపిల్ తెచ్చి బ్రాంచిలో ఇస్తే అది వేరే ఊళ్లో ఉన్న మా ల్యాబుకు వెళ్లేది. ఫలితం బ్రాంచి ఈమెయిల్‌కు మాత్రమే వచ్చేది. నోటి మాటగా ఫోనులో చెప్పకూడదని ల్యాబు నియమం. రోగమున్న పిల్లలు రొయ్యలు పెంచే గుంటలో పడితే నెలా నెలన్నరలో పంట మొత్తం పోతుంది కాబట్టి రైతులు ఆ రిపోర్టు కోసం కాచుకుని కూర్చునేవారు.

బ్రాంచిలో మెయిల్ చూసేది సుగుణ. నలభై దాటిన మనిషి. కాంట్రాక్టు మీద తొమ్మిదేళ్లుగా ఆఫీస్ అసిస్టెంటుగా చేస్తోంది. ఆదివారాలు చర్చిలో పిల్లలకు పాటలు నేర్పేది. ఆ గొంతుతోనే ఫోనులో రైతుల పేర్లు, శాంపిల్ నంబర్లు తప్పు లేకుండా చదివేది. బ్రాంచి మేనేజరు ప్రభాకర్ గారు. హోదాలో నాకు సమానం, వయసులో చిన్న.

మార్చిలో సుగుణ నుంచి మొదటి ఫిర్యాదు వచ్చింది. మెయిల్ ప్రోగ్రాం సర్వర్‌కు కనెక్ట్ కావడం లేదనీ, పదే పదే పాస్‌వర్డ్ అడుగుతోందనీ. నేను నాయుడుపేట వెళ్లాను. ఆ రోజు ప్రభాకర్ గారు చిట్టమూరు వైపు గుంటలు చూడటానికి పోయి ఉన్నారు. ఇలాంటి ఫిర్యాదుకు మాకొక క్రమం ఉంటుంది. ముందు ఇంటర్నెట్ లైను చూస్తాం. తర్వాత లోపలికి వచ్చే సర్వర్ పేరు, బయటికి వెళ్లే సర్వర్ పేరు, పోర్టు నంబర్లు, పాస్‌వర్డ్, యాంటీవైరస్, చివరికి కంప్యూటర్‌లో తేదీ సరిగ్గా ఉందా లేదా. అన్నీ చూశాను. అన్నీ సరిగ్గా ఉన్నాయి. నేనున్న రెండు గంటల్లో ఒక్క ఎర్రర్ కూడా రాలేదు.

సుగుణ నా పక్కనే నిలబడి ఉంది. "నేను పాస్‌వర్డ్ కరెక్టుగానే కొడతా ఉండాను సార్. కాసేపటికి దానంతట అదే సరిపోతాది. ఇంకొక సంగతి. మా సారు ఆఫీసులో ఉన్నప్పుడే ఇట్ల చేస్తా ఉండాది. ఆయన గుంటల మీదికి పోయిన రోజు ఏ గొడవా లేదు" అంది.

"కంప్యూటర్‌కు కూడా మేనేజరంటే భయమేమో అమ్మా" అని నవ్వాను నేను. ఆమె నవ్వలేదు. నేను ఫారం నింపాను. అందులో లోపం ఏ రకమో టిక్కు పెట్టాలి. లైను, యంత్రం, సాఫ్ట్‌వేర్, వాడేవారి పొరపాటు అని నాలుగు గళ్లు. చివరి గడిలో టిక్కు పెట్టి సంతకం చేసి బస్సెక్కాను.

ఆ తర్వాత ఆమె ఇంకో రెండుసార్లు ఫోను చేసింది. కొన్ని రిపోర్టులు అసలు రావడం లేదని, ల్యాబుకు ఫోను చేసి మళ్లీ పంపించుకుంటున్నానని చెప్పింది. అదే సమయంలో ల్యాబు నుంచి కూడా నాకు మాట వచ్చింది. నాయుడుపేట అసిస్టెంటు పంపిన మెయిల్‌నే మళ్లీ పంపమంటోంది, సరిగ్గా చూసుకోదు, అని. నాకు ల్యాబు మాటే నమ్మబుద్ధయింది.

ఏప్రిల్ మొదట్లో పెంచలయ్య శాంపిల్ ఇచ్చాడు. ఆయన చిట్టమూరు మండలం రైతు. రెండు గుంటలు. రిపోర్టు రావలసిన రోజు పొద్దున్నుంచి బ్రాంచిలోనే కూర్చున్నాడు. రాలేదు. సుగుణ ల్యాబుకు ఫోను చేస్తే పంపేశామన్నారు, మళ్లీ పంపమంటే విసుక్కుని ఆ రోజు పంపలేదు. హేచరీ వాళ్లు సీడు ఇప్పుడు తీసుకుంటావా, వేరే వాళ్లకు ఇచ్చేయమంటావా అని పెంచలయ్యను తొందరపెట్టారు. ఆయన సీడు తీసుకుని గుంటల్లో వదిలేశాడు. ముప్పై ఎనిమిదో రోజున రొయ్యలు ఒడ్డుకు చేరడం మొదలైంది. తలల మీద తెల్లమచ్చలు. నాలుగు రోజుల్లో రెండు గుంటలూ పోయాయి.

హెడ్డాఫీసు విచారణ వేసింది. సాంకేతిక నివేదిక రాయవలసింది నేను. సర్వర్ చిట్టా తెప్పించి చూస్తే విషయం స్పష్టంగా ఉంది. రోగం ఉందని చెప్పే ఆ రిపోర్టు సరైన రోజునే సర్వర్‌కు చేరింది. పదకొండు నిమిషాల తర్వాత నాయుడుపేట ఆఫీసు ఇంటర్నెట్ చిరునామా నుంచే ఎవరో దాన్ని దింపుకున్నారు. ఆ మెయిల్‌బాక్సు సుగుణ కంప్యూటర్‌లో తప్ప ఇంకెక్కడా లేదని, ఏ కంప్యూటర్‌లో ఏం పెట్టామో రాసుకునే నా రిజిస్టరు చెబుతోంది. "మెయిల్ బ్రాంచి కంప్యూటర్‌కు అందింది. సాంకేతిక లోపం లేదు" అని రాశాను. నేను రాసినవి రెండే వాక్యాలు. మిగతాది చదివినవాళ్లు పూరించుకున్నారు. రిపోర్టును నిర్లక్ష్యంగా తీసేసి, తర్వాత రాలేదని బొంకిందని సుగుణ కాంట్రాక్టు రద్దు చేశారు. బ్రాంచికి కొత్త ఈమెయిల్ చిరునామా ఇమ్మన్నారు, ఇచ్చాను. ఆ రోజు నుంచి ఎర్రర్లు ఆగిపోయాయి. లోపం ఆ మనిషిదేనని అందరికీ రుజువైనట్టయింది. నాకూ అయింది.

అక్టోబరులో ప్రభాకర్ గారికి వేరే జిల్లాకు బదిలీ అయింది. ఆయన లాప్‌టాప్ నా దగ్గరికి వచ్చింది. అందులో ఉన్నదంతా తుడిచి కొత్త మేనేజరుకు ఇవ్వాలి. తెరవగానే, మెయిల్ ప్రోగ్రాం వెనకాల దానంతటదే నడుస్తున్నట్టు తెర మూల చిన్న గుర్తు కనిపించింది, నొక్కాను. పాత బ్రాంచి మెయిల్‌బాక్సు. వందల మెయిళ్లు, మొదటి రెండు మూడు తప్ప ఒక్కటీ చదివినట్టు లేదు. వాటి మధ్య పెంచలయ్య పేరు.

అది చూశాక గుర్తొచ్చింది. ఫిబ్రవరిలో, బాధ్యత తీసుకున్న వారంలోనే, ప్రభాకర్ గారు మీటింగుకు పోతూ బ్రాంచి మెయిల్ తన లాప్‌టాప్‌లో కూడా పెట్టమని అడిగారు. ఆయన కారు బయట ఆగి ఉంది. పది నిమిషాల్లో పెట్టి ఇచ్చాను. నోటి మాట పని కదా, రిజిస్టరులో రాయలేదు. ఆయన ఆ ఒక్క రోజు వాడి మరిచిపోయారు. ప్రోగ్రాం మాత్రం ఆఫీసులో లాప్‌టాప్ తెరిచినప్పుడల్లా వెనకాల పని చేస్తూనే ఉంది.

మా మెయిల్ అమరిక పాత పద్ధతిది. ఒక కంప్యూటర్ మెయిళ్లు దింపుకుంటున్నంతసేపు సర్వర్ ఆ మెయిల్‌బాక్సును ఇంకొకరికి తెరవదు. రెండో కంప్యూటర్‌కు అది పాస్‌వర్డ్ తప్పినట్టు కనిపిస్తుంది. దింపుకున్న మెయిల్ సర్వర్‌లో ఉండదు. ఒక కాపీ ఉంచమని టిక్కు పెట్టవచ్చు. నేను పెట్టలేదు. కొత్త చిరునామా ఆ లాప్‌టాప్‌లో లేదు కాబట్టే తర్వాత ఎర్రర్లు ఆగాయి. సారు ఆఫీసులో ఉన్నప్పుడే ఇట్ల చేస్తా ఉండాదని సుగుణ చెప్పింది అక్షరాలా నిజం. లోపం ఎక్కడుందో ఆమె నాకు వేలు పెట్టి చూపించింది.

జరిగింది జరిగినట్టు హెడ్డాఫీసుకు రాశాను. నా ఇంక్రిమెంటు ఒకటి ఆపారు. సుగుణ ఉద్యోగంలో అప్పటికే ఇంకొకరున్నారు. నా ఉత్తరాన్ని ఫైలులో చేర్చామని జవాబు వచ్చింది.

ఆమె దొరవారిసత్రంలో ఒక చిన్న ప్రైవేటు బడిలో పనికి చేరిందని తెలిసి వెళ్లాను. బడి వరండాలో నిలబడి మొత్తం చెప్పాను. చెప్పడం అయ్యాక, "నేను ఆ రోజే చెప్పినా కదా సార్" అంది.

"చెప్పావమ్మా. నేను వినలేదు."

"మీరు నవ్వినారు" అంది. కోపంగా కాదు. జరిగినదాన్ని సరిదిద్దుతున్నట్టు అంది.

కంపెనీకి మళ్లీ రాస్తానన్నాను. వద్దంది. "ఆ ఉద్యోగం నాకెందుకు సార్ ఇప్పుడు? పెంచలయ్యన్నకు మాత్రం మీరు పోయి చెప్పండి. నాయుడుపేట బజారులో కనపడితే మొగం తిప్పుకుంటాడు. రిపోర్టు నేనే దాచినానని అనుకుంటా ఉండాడు ఆయన."

ఆ మధ్యాహ్నమే చిట్టమూరు వైపు వెళ్లాను. పెంచలయ్య గుంటలు ఎండబెట్టి ఉన్నాయి. నీళ్లలో గాలి కలిపే ఏరేటర్లు గట్టు మీద బోర్లించి ఉన్నాయి. నేను చెప్పింది విని గట్టు మీద కూర్చున్నాడు.

"నీ మీద నాకేం కోపం లేదు సార్" అన్నాడు. "ఆ యమ్మ ఆ రోజు నాతో ఒక మాట అనింది. రిపోర్టు రాలేదంటే బాగుందని కాదన్నా, ఒక్క రోజు ఆగు అనింది. నేనే ఆగలేదు. విచారణకొచ్చిన ఆఫీసర్లు అడిగితే ఆ మాట చెప్పలేదు. అందరూ ఆమెదే తప్పంటా ఉంటే నాకు కొంచెం తేలికగా ఉండింది."

ఆ మాట ఆమెతో చెప్పమన్నాను. తల ఊపాడు. చెప్పాడో లేదో నాకు తెలియదు. ఆమెను మళ్లీ కలవలేదు, ఆయనను అడగలేదు.

మిగిలిన ఉద్యోగకాలంలో ఎంత చిన్న మార్పు చేసినా రిజిస్టరులో రాశాను. అది ఎవరైనా నేర్చుకోగలిగిన జాగ్రత్తే. నేను ఆలస్యంగా నేర్చుకున్నది ఇంకొకటి ఉంది. ఫిర్యాదు చేసిన మనిషి ఏం చూసిందో, ఎప్పుడు చూసిందో, ఆమె మాటల్లోనే ముందు రాసుకోవాలి. అర్థం లేనిదిగా తోచిన మాటనైతే తప్పకుండా రాసుకోవాలి. ఆ తర్వాతే కంప్యూటర్ ముందు కూర్చోవాలి. నాయుడుపేటలో నేను ముందు కూర్చున్నాను, తర్వాత రాశాను, రాసినదాంట్లో ఆమె మాట ఒక్కటీ లేదు.