వసంతమ్మ బిగించిన గడియ

నిన్న సాయంత్రం మా చెల్లెలి పసిబిడ్డకు రబ్బరు షీటు కొందామని తిరుపతి బజారుకు వెళ్ళాను. కొట్టతను పై అరలోంచి చుట్ట దించి బల్ల మీద పరిచాడు. దాని వాసన తగలగానే నాకు ఆ కొట్లో నిలబడబుద్ధి కాలేదు. కొత్త రబ్బరు వాసన మాత్రమే అది. నా ముక్కుకు మాత్రం ఎండకు కాగిన పాత షీటు, ఫినాయిలు, సరిగ్గా ఆరని బొంత, అన్నీ కలిసి తగిలాయి. షీటు చంకలో పెట్టుకుని బయటికొచ్చేశాను. బస్సు వచ్చేదాకా కాళ్ళు ఒకచోట నిలవలేదు. ఆ వాసనకు ముందుగా గుర్తు రావలసింది నా కూతురు జాను. కానీ గుర్తొచ్చింది వసంతమ్మ.

వసంతమ్మ మీకు తెలిసే అవకాశం లేదు. పుత్తూరు దాటితే ఆమె ఎవరికీ తెలియదు. శెట్ల ఇంటి ఆడపడుచు. భర్త పోయాక ఆయన బట్టల కొట్టు మూసేసి, కొట్టు వెనక హాల్లో మిషన్లు వేయించి, చుట్టుపక్కల బళ్ళకు యూనిఫారాలు కుట్టించేది. నేను ఆమె దగ్గర ఆర్డర్లూ కొలతలూ చూసుకునేదాన్ని. ఆమె కూర్చుని ఉండగా నేను చూసింది చాలా తక్కువ. మెడలో టేపు వేలాడేసుకుని మిషన్ల మధ్య తిరుగుతూనే ఉండేది. కాఫీ నిలబడి తాగేది, సగం తాగి గ్లాసు ఎక్కడో పెట్టి మరిచిపోయేది. కుట్టు వదులుగా కనిపిస్తే చొక్కా తీసి కుట్టినవాళ్ళ ఒళ్ళో పడేసేది. "పిలకాయలు దీన్నేసుకోని పరిగెత్తాల, గోడలెక్కాల. నువ్వేంది మే, బొమ్మకు కుట్టినట్టు కుడతా ఉండావు" అనేది. మొదట్లో ఆమె అడుగుల చప్పుడు దగ్గరవుతుంటేనే నాకు చెమటలు పట్టేవి. మెచ్చుకోవడం తెలియదు, నిదానం తెలియదు. ఆమె దగ్గర ఎక్కువ రోజులు ఉండనులే అనుకున్నాను.

జానుకు అప్పుడు ఆరో ఏడు. మూడేళ్ళు దాటేసరికే పక్క తడపడం మానేసిన పిల్ల. ఒకటో తరగతికి పెద్ద బడిలో చేర్చిన కొన్నాళ్ళకు మళ్ళీ మొదలైంది. వానల రోజులు, చలికి అయివుంటుంది అనుకున్నాను. వానలు పోయాయి, తడపడం పోలేదు. మా ఆయన రమేష్‌కి తడ ఊరి దగ్గర ఫ్యాక్టరీలో షిఫ్టుల ఉద్యోగం. కంపెనీ బస్సు దిగి నిద్రకళ్ళతో ఇంటికొచ్చేసరికి దండెం మీద బొంత ఆరుతూ కనిపించేది. దాన్ని చూసి ఆయన ముఖం తిప్పుకోవడం నాకు తెలిసేది. పొద్దుగూకాక నీళ్ళు ఇవ్వడం మానేశాను. పడుకున్న పిల్లను లేపి తీసుకెళ్ళేదాన్ని. నిద్రలో ఊగుతూ నిలబడేది, ఏమీ పోయేది కాదు, తిరిగి పడుకోబెట్టిన కాసేపటికి తడిపేది. నాకు నిద్ర అనేది లేకుండా పోయింది. పడుకున్నా చెయ్యి మాత్రం పిల్ల కింద దుప్పటిని తడుముతూనే ఉండేది.

ఆ నిద్రలేమితో కుట్టు యూనిట్లో కొలతలు తప్పు రాశాను. వసంతమ్మ కాగితం పట్టుకుని నా బల్ల దగ్గరికి వచ్చింది.

"ఏంది మే ఇది? ఒకటో తరగతి బిడ్డకు ముప్పై నాలుగు నడుమా? ఎవరి కొలత రాసినావు, నీదా?"

నేను నవ్వలేకపోయాను. ఏడుపు వచ్చింది. ఆమె నన్ను ఓదార్చలేదు. "ఏమయింది, చెప్పు" అంది, అదీ కాలు కదుపుతూనే. చెప్పాను. విని, "ఓస్, నువ్వులుండలు పెట్టు" అంది. మర్నాడు డబ్బా నిండా తనే చేసి తెచ్చింది. జాను ఇష్టంగా తిన్నది. పక్క మాత్రం తడుపుతూనే ఉంది. వారం పోయాక ఆ సంగతి చెబితే వసంతమ్మకు కోపం వచ్చింది, ఉండల మీదో నా మీదో తెలియదు.

"మా అమ్మ నాకు పెట్టింది. నాకు పనిచేసింది కదా" అంది.

"మీరు కూడానా అమ్మా?" అన్నాను.

"నేను గూడా. నాలుగో తరగతి దాకా. ఏం, నా మొగాన రాసిపెట్టి ఉండాల్నా?"

మిషన్ల రొదకు పైగా ఆ మాట హాలంతా వినిపించింది. మిషన్లు ఒకటొకటే ఆగాయి. ఎవరూ నవ్వలేదు. కాజాలు తీసే ధనమ్మ తల వంచుకునే, "మావోడు ఇప్పటికీ అంతే మా" అంది. మళ్ళీ మిషన్లు నడిచాయి. అన్నాళ్ళూ నేను ఆ బొంతను ఇరుగుపొరుగు కళ్ళు పడకుండా గోడ చాటున ఆరేసేదాన్ని. ఆ మర్నాడు వీధి వైపు దండెం మీద వేశాను, అక్కడ ఎండ బాగా తగులుతుంది.

కానీ ఇంట్లో పరిస్థితి కుదుటపడలేదు. సత్యవేడు నుంచి మా అత్త వచ్చింది. రెండు రోజులు చూసి, "ఇంకోతూరి తడిపితే వాత పెడతా" అని పిల్లను బెదిరించింది. పెట్టే మనిషి కాదు. కానీ జాను ఆ మాట నమ్మింది. ఆ రాత్రి పడుకోనంది, గోడకు ఆనుకుని కూర్చుంది. రమేష్ నాతో, "నువ్వు పనికి పోబట్టే బిడ్డ ఇట్లయింది. పని మానెయ్. లేదంటే సెలవులైనాక సత్యవేడులో అమ్మ కాడ ఉండనీ" అన్నాడు. కోపంగా అనలేదు, తేల్చేసినట్టు అన్నాడు. అది నన్ను ఇంకా కుదిపేసింది. పిల్లను పంపి నేనుండలేను. పని మానితే ఇంటి బాడుగకు ఆయన జీతం ఒక్కటే చాలదు.

వసంతమ్మకు చెప్పాను. ఆమె హాలు ఆ చివరికి నడిచి, మళ్ళీ వచ్చింది. "నువ్వు పోతే నా ఆర్డర్లు ఎవురు సూస్తారు?" అంది మొదట. ఆమె ముందు తన సంగతే చూసుకుంది. అది నాకు అప్పుడు కష్టంగానే అనిపించింది.

బడి వ్యాను జానును సాయంత్రం యూనిట్ దగ్గరే దించేది. ఆ రోజు కూడా పిల్ల దిగగానే బ్యాగు గుమ్మంలో పడేసి పెరట్లో బాత్రూముకు పరుగెత్తింది. అలా పరుగెత్తడం నేను రోజూ చూసేదాన్నే, చిన్నపిల్లల తొందర అనుకునేదాన్ని. వసంతమ్మ అడ్డంగా ఉన్న బ్యాగును పక్కకు పెట్టబోయి ఆగింది. పక్క జేబులోంచి నీళ్ళ సీసా బయటికి లాగింది.

"సుజాతా, ఇది పొద్దున నువ్వు నింపిందేనా?"

నిండుగా ఉంది. మూత కూడా తీసినట్టు లేదు. జాను తిరిగొచ్చి కుండ దగ్గర నిలబడి గ్లాసు తర్వాత గ్లాసు నీళ్ళు తాగుతోంది. వసంతమ్మ ఆ సీసా చేతిలో పట్టుకుని పిల్లనే చూస్తూ ఉండిపోయింది. ఆమె అంతసేపు కదలకుండా నిలబడటం నేను చూడలేదు.

తరువాత పిల్లను దగ్గరికి పిలిచింది. "దా మే, నీకు కొత్త గౌను కుడతా" అని టేపు తీసి భుజాలు కొలుస్తూ మాట్లాడింది.

"బళ్ళో నీళ్ళెందుకు తాగవు?"

"తాగితే ఒంటికొస్తాది."

"వస్తే పోవచ్చు గదా."

"బాత్రూముకు గడియ లేదు అవ్వా. మగపిలకాయలు తలుపు తోస్తారు. హారికకు తోసినారు, అందరూ నవ్వినారు."

"మరి నువ్వు?"

"నేను పోను. ఇంటికొచ్చేదాకా పట్టుకుంటా."

ఆ మాట జాను కొంచెం గొప్పగానే చెప్పింది. వసంతమ్మ టేపు చుట్టేసి, పిల్లకు బిస్కెట్టు ఇచ్చి పంపింది. నేను అప్పుడే బడికి బయల్దేరబోయాను. ఆమె చెయ్యి పట్టుకుని ఆపింది. "ముందు డాక్టరుకు సూపించు. నేననుకుందే నిజమని నాకు నేనే అనుకుంటే ఎట్ల?"

రమేష్, నేను పిల్లను తిరుపతిలో పిల్లల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాము. పరీక్షలు చేయించి జబ్బేమీ లేదన్నాడు. పగలంతా బిగబట్టుకోవడం, సాయంత్రం ఒక్కసారిగా నీళ్ళు తాగడం మానిపించమన్నాడు. పగలు నీళ్ళు బాగా తాగాలి, ఎప్పటికప్పుడు పోవాలి, పడుకునే ముందు ఒకసారి పోవాలి, తిట్టకూడదు. రమేష్ వింటూ కూర్చున్నాడు. బస్సులో, "అయితే గడియ లేకనా ఇదంతా" అన్నాడు. దిగేదాకా పిల్లను ఒళ్ళోనే కూర్చోబెట్టుకున్నాడు.

జాను బడికి యూనిఫారాలు మేమే కుట్టేవాళ్ళం. మూటలు దించడానికి వెళ్ళిన రోజు వసంతమ్మ కూడా వచ్చింది. మామూలుగా రాదు. హెడ్‌మిస్ట్రెస్ నాకంటే చిన్నది, మర్యాదగా కుర్చీ చూపించింది. వసంతమ్మ కూర్చోలేదు.

"బాత్రూము యాడుండాదమ్మా?"

"స్టాఫ్‌ది ఆ పక్కనుందండి."

"నాకు గాదు. పిలకాయలది సూడాల."

ఆడపిల్లల బాత్రూము గోడ చివర ఉంది. గడియ ఊడిపోయి, మేకుల రంధ్రాలు మాత్రం మిగిలాయి. తలుపు గాలికి కొట్టుకుంటోంది. హెడ్‌మిస్ట్రెస్ ఇబ్బందిగా, "కరస్పాండెంటు గారికి చెప్పినాను. వచ్చే నెల చూస్తామన్నారు. అయినా ఇది మా బడి విషయం కదండీ" అంది.

"ఈ బళ్ళో ఆడబిడ్డలందరి కొలతలూ నా కాడ ఉండాయి. వాళ్ళు పొద్దుటి నుంచి బిగబట్టుకోని కూర్చుంటారని తెలిసినాక నేనెట్ల ఊరికుండేది?" అంది వసంతమ్మ.

గొంతు పెంచలేదు. అని, గేటు వైపు నడిచి వెళ్ళిపోయింది. గొడవ అంతటితో అయిపోయింది, ఇక వెళ్ళిపోదాం అని నేను ఊపిరి పీల్చుకున్నాను. నా భయం నాది, రేపు ఈ బళ్ళో కూర్చోవలసింది నా పిల్ల. కాసేపటికి వసంతమ్మ తిరిగొచ్చింది. వెంట ఒక వడ్రంగి, చేతిలో కాగితంలో చుట్టిన కొత్త గడియ. ఎవరినీ అడగకుండా పని మొదలుపెట్టించింది. వడ్రంగి అలవాటుగా గడియను తన భుజమంత ఎత్తున పెట్టి చూశాడు.

"కిందికి అప్పా" అంది వసంతమ్మ. మోకాళ్ళు నొప్పని రోజూ మూలిగే మనిషి, తలుపు దగ్గర నేల మీద కూర్చుని టేపుతో కొలిచి సుద్దతో గీత గీసింది. "ఒకటో తరగతి బిడ్డకు చెయ్యి అందాల. ఈడ కొట్టు."

హెడ్‌మిస్ట్రెస్ అంతా చూస్తూ నిలబడింది. ఆపుతుందనుకున్నాను. ఆపలేదు. వడ్రంగి రెండో మేకు కొడుతుండగా ఆయాను పిలిచి, "రెండో బాత్రూము తలుపు కూడా చూపించు ఈయనకు" అంది.

అన్నీ ఆ రోజుతో చక్కబడలేదు. మర్నాడు క్లాసు టీచరు జానును లేపి, "ఇంట్లో చెప్పింది నువ్వేనా?" అని అందరి ముందూ అడిగింది. పిల్ల మళ్ళీ సీసా మూత తీయలేదు. ఆ వారమంతా పక్క తడిసింది. నేను వసంతమ్మ మీద లోపల్లోపల మండిపడ్డాను. ఆమె తొందర వల్ల నా పిల్ల ఇరుక్కుందని అనుకున్నాను. ఆ మాట ముఖాన అనేశాను కూడా. ఆమె మిషన్ల మధ్యకు వెళ్ళిపోయి, ధనమ్మ తీసిన కాజాలు సరిగ్గా లేవని అరిచింది.

ఒక సాయంత్రం వ్యాను దిగిన జాను పరుగెత్తలేదు. నడుచుకుంటూ వచ్చి నా బల్ల దగ్గర నిలబడింది. "మా, ఈ పొద్దు ఇంటర్వెల్లో నేనూ హారికా పోయినాము. నేను లోపలుంటే అది బయట కాపలా. అది లోపలుంటే నేను." సీసా తీసి చూశాను. అడుగున కొంచెమే ఉన్నాయి.

దాని తరువాత కూడా చాలాకాలం పట్టింది. ఒక రాత్రి పొడిగా ఉండేది, రెండు రాత్రులు తడిసేది. వసంతమ్మ నాకు ఒక్కటే చెప్పింది. "పొద్దున లేపంగానే పక్క తడుముతావు సూడు, అది మానెయ్. ఆ బిడ్డ నీ చేతినే సూస్తా ఉంటాది." అది ఎంత కష్టమో చెప్పలేను. జాను లేచి కూర్చుంటుంటే నా చేతులను కొంగులో చుట్టుకుని నిలబడేదాన్ని. తడిసిన రోజు జాను తనే దుప్పటి తీసి బకెట్లో వేసేది. పొడిగా ఉన్న రోజు ఏమీ చెప్పేది కాదు, నేనూ అడిగేదాన్ని కాదు. చలి తగ్గే రోజుల్లో ఒక పొద్దున రమేష్ షిఫ్టు నుంచి వచ్చి, రబ్బరు షీటు మడిచి అటక మీద పెట్టాడు. కొన్నాళ్ళకు పిల్లకు జ్వరం వచ్చి మళ్ళీ తడిపింది. ఆయనే ఎక్కి షీటు కిందికి దించాడు. ముఖం తిప్పుకోలేదు. నన్ను పని మానమనే మాట మళ్ళీ ఎత్తలేదు, జానును సత్యవేడు పంపే మాటా ఎత్తలేదు. వేసవి వచ్చేసరికి ఆ షీటు అవసరం తీరిపోయింది.

ఆ ఏడు జూన్‌లో ఆ బడి యూనిఫారాల ఆర్డరు వేరేవాళ్ళకు వెళ్ళింది. కారణం ఎవరూ చెప్పలేదు. "పోతే పోయె" అంది వసంతమ్మ. అన్నదే కానీ, నెలంతా మమ్మల్ని ఎవరినీ బతకనివ్వలేదు. చొక్కాలు విసిరింది, కత్తెర కనబడలేదని కేకలేసింది. నేను దగ్గరికెళ్ళి, "నా వల్లే కదమ్మా" అంటే, "నీ వల్ల ఏంది మే, పోయి పని సూసుకో" అని కసిరింది. ఆమె మంచితనం ఎప్పుడూ అంతే, అది మెత్తగా వచ్చేది కాదు.

రెండేళ్ళ కిందట ఆమె పోయింది. కొడుకులు హాలు అద్దెకిచ్చేశారు. నేనూ ధనమ్మా కలిసి ఇప్పుడు తిరుపతిలో చిన్నగా యూనిఫారాలు కుట్టిస్తున్నాము. జానుకు ఆ రోజులేవీ సరిగ్గా గుర్తు లేవు. వసంతమ్మ అంటే దానికి పూల గౌను కుట్టిన అవ్వ, అంతే. గుర్తు లేకపోవడమే మంచిది.

నాకు మాత్రం ఆమె కుదురులేనితనం అంటుకుంది. కొలతలకు ఏ బడికి వెళ్ళినా ముందు పిల్లల బాత్రూము చూడకపోతే కాళ్ళు నిలవవు. కొన్నిచోట్ల చూపిస్తారు, కొన్నిచోట్ల నవ్వుతారు, ఒకచోట ఆర్డరే ఇవ్వలేదు. పోయిన నెల సత్యవేడు పక్క ఒక బడిలో గుమాస్తా విసుక్కున్నాడు. "మేడం, మీరు కొలతలకొచ్చినారా, బాత్రూములు సూసేదానికొచ్చినారా?" "రెండింటికీ" అని నేనే వెతుక్కుంటూ వెళ్ళాను. తలుపు మూసి ఉంది. తోసి చూద్దామని చెయ్యి చాపాను. పక్కన గోడకు ఆనుకుని ఒక చిన్నపిల్ల నిలబడి ఉంది, రెండో తరగతి ఉంటుందేమో. గబుక్కున వచ్చి తలుపుకు అడ్డం నిలిచింది.

"లోపల మా లత ఉండాది. మీరు ఆగాల."

"సరేనమ్మా" అన్నాను. చెయ్యి వెనక్కి తీసుకుని, ఆ పిల్ల పక్కనే గోడకు ఆనుకుని నిలబడ్డాను.